ఈ రెండిట్లో చీకో ఏది?

మాంటెవిడియోలో మే నెల.
నది మీది చలి తలుపు కింద నుంచి దూరుతుంది.
ఈ గది ఒకప్పుడు దర్జీ కొట్టు.
నేల ఊడిస్తే ఇప్పటికీ గుండుసూదులు దొరుకుతాయి.

ఐదు డోళ్ళు, పన్నెండు మైకులు.
నా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు ఎనిమిదే నోళ్ళు.
పెళ్ళిళ్ళలో కరావోకే నడిపే ఒసీరిస్ దగ్గర
నాలుగు నోళ్ళ పెట్టె ఒకటి తెచ్చుకున్నాను,
ఎరువు సొమ్ము బరువు చేటని తెలిసే.
రెండింటినీ ఒకే ల్యాప్‌టాప్‌కు తగిలించి
ఇవి రెండు కాదు, ఒకటేనని నమ్మమన్నాను.
నమ్మినట్టే తలూపింది.

మొదట హోరు.
ఎవరూ మీటమనని తంబురా.
గోడలోని కరెంటు సెకనుకు యాభైసార్లు
తన పేరు తనే చెప్పుకుంటోంది.
కేబుళ్ళు మార్చాను. హోరు.
మైకులన్నీ పీకేశాను. హోరు.
ఫ్రిజ్ ఆపాను, ట్యూబులైటు ఆపాను,
పక్కింటి ఎడెల్మిరాను వాషింగ్ మెషీన్ ఆపమని బతిమాలాను.
ఆపింది,
మొగుడి తడి చొక్కాలకు నాదే పూచీ అంటూ.
హోరు.

"ఎర్తు పిన్ను విరిచెయ్ నిల్దా, పోతుంది"
అన్నాడు ఫోన్లో ఒసీరిస్.
పోవడం ఖాయమే.
ఎవరు పోతారన్నదే చెప్పలేదు.

విసుగుతో లేచేసరికి కాలు తగిలి
ల్యాప్‌టాప్ చార్జరు ఊడింది.
నిశ్శబ్దం.
ఎంత నిశ్శబ్దమంటే
ముసలి వాల్దెమార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంతసేపూ దొంగ నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు.
చార్జరు ఒక గోడ నుంచి, పెట్టెలు మరో గోడ నుంచి
ఒకే భూమికి రెండు దారులు వేసుకుంటే
ఆ చుట్టులో పడి తిరుగుతోంది కరెంటు,
ఇల్లు మరిచిన తాగుబోతులా.
అన్నిటినీ ఒకే ప్లగ్గు బోర్డు మీదికి చేర్చాను.

అయిపోయిందనుకున్నానా,
టిక్.
ఇరవై మూడు సెకన్లాగి మళ్ళీ టిక్,
గోటి మీద గోరు కొట్టినట్టు.

ఇది కరెంటు పని కాదు, కాలం పని.
ప్రతి పెట్టెలోనూ బియ్యపు గింజంత స్ఫటికం ఒకటుంటుంది.
సెకనును నలభై ఎనిమిది వేల ముక్కలుగా తరగడం దాని కొలువు.
ఒకదాని కత్తి రవ్వంత నెమ్మది:
సెకనుకు అర ముక్క తేడా.
అర ముక్కే కదా!
పేరుకుని పేరుకుని, ఎక్కడ పెట్టాలో తోచక
కంప్యూటర్ ఓ గుప్పెడు పారబోస్తుంది.
ఆ పారబోసిన చప్పుడే మనకు వినబడేది.

వాల్దెమార్‌కు ఇదంతా చెప్పాను.
డెబ్బై ఎనిమిదేళ్ళు, అరవై ఏళ్ళుగా పెద్ద డోలు ఆయనదే.
పళ్ళు లేని నవ్వు నవ్వి అడిగాడు:
"చిన్న డోలు చీకో ఉంది చూశావూ,
అది ఎవరి మాటా వినదు.
మేమందరం దాని మాట వింటాం.
మరి నీ రెండిట్లో చీకో ఏది?"

నేను ఎవరినీ చీకో చేయలేదు.
రెండూ పెద్దరికం చేస్తున్నాయి.

పెద్దరికం నా పెట్టెకే ఇద్దామనుకున్నాను,
పన్నెండేళ్ళ సావాసం మరి.
కానీ కాలాన్ని బయటికి పంపే దాని సాకెట్టు
ఎప్పుడో విరిగింది.
వినడమే వచ్చు దానికి, చెప్పడం రాదు.
చేసేదేముంది?
నారింజరంగు తీగ ఒకటి వెతికి కలిపి
కరావోకే పెట్టె వెనక నడవమన్నాను.
నడిచింది.
ఇరవై మూడు, నలభై ఆరు, అరవై తొమ్మిది...
టిక్కు లేదు.

రికార్డింగు పద్దెనిమిదో నిమిషానికి చేరింది.
హెడ్‌ఫోన్లలో చిటపట.

బఫరు పెంచాను. మెనూలన్నీ తిరగేశాను.
ఒసీరిస్‌ను వాడి తాతదాకా తిట్టుకున్నాను.
చిటపట,
ఒక లెక్కా లేదు, వరసా లేదు.
హెడ్‌ఫోన్లు తీశాను.
ఇంకా వినబడుతోంది.

పెరట్లో యమీలా
పాత పేపర్లు పోగేసి మంట వేసింది.
చలికి సడలిన తోలును
సెగకు పట్టి బిగిస్తోంది,
అటు తిప్పి, ఇటు తిప్పి, వేలితో కొట్టి చూసుకుంటూ.
తలుపు ఓరగా తెరిచే ఉంది.

ముయ్యడానికి లేచి, మళ్ళీ కూర్చున్నాను.

గోడ అవతలినుంచి ఎడెల్మిరా:
"అయిందా? ఇంక వేసుకోనా మెషీను?"
అదీ పడింది,
పన్నెండు మైకుల్లోనూ, ఒకే క్షణాన.